కాగితం మీద మనం – 9: పదమూడో జేబు

ఈ వారం ఒక సంచి గురించి రాస్తాను.

మీలో నర్సింగ్ చదివేవాళ్ళు, ఏఎన్‌ఎంల పిల్లలు ఉంటే దాన్ని చూసే ఉంటారు. సబ్‌సెంటర్ గోడకు మేకుకి వేలాడే పొడవాటి గుడ్డ సంచి. వరసగా జేబులు. పుస్తకాల్లో దాని పేరు టిక్లర్ బ్యాగ్. మా ఊరి నర్సమ్మ మాత్రం ‘జేబుల సంచి’ అనేది. బిడ్డ పుట్టాక తల్లికిచ్చే కార్డుకు ఒక పక్క చీటీ ఉంటుంది. దాన్ని చింపి నర్సమ్మ తన దగ్గర ఉంచుకుంటుంది. ఆ బిడ్డకు తర్వాతి సూది ఏ నెలలో పడాలో ఆ నెల జేబులో చీటీ వేస్తుంది. నెల మొదట్లో ఆ జేబులో చెయ్యి పెడితే చాలు, ఆ నెల ఎవరెవరి ఇంటికి వెళ్ళాలో తెలుస్తుంది. సూది వేశాక తేదీ రాసి చీటీని ముందు జేబులోకి మారుస్తుంది. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు.

పన్నెండు నెలలకు పన్నెండు జేబులు. ఆ తర్వాత ఇంకో రెండు. పధ్నాలుగోది టీకాలన్నీ పూర్తయిన పిల్లల చీటీలకు. పదమూడోది ఊరు వదిలి వెళ్ళిన పిల్లల చీటీలకు, చనిపోయిన పిల్లల చీటీలకు. ఇద్దరికీ కలిపి ఒకటే జేబు.

మా మేనల్లుడి చీటీ నాకు ఆ పదమూడో జేబులోనే దొరికింది.

*

వాడు 2012 ఆగస్టులో మా మండల ఆసుపత్రిలో పుట్టాడు. పశ్చిమ ప్రకాశం. వాన పడితే కంది, పడకపోతే వలస. పుట్టగానే బీసీజీ వేశారు, పోలియో చుక్కలు వేశారు. ఆరు వారాలకి ఒకసారి, పది వారాలకి ఇంకోసారి మా అక్క వాణ్ణి ఎత్తుకెళ్ళి సూదులు వేయించింది. దీపావళి దాటాక అక్కా బావా హైదరాబాద్ వెళ్ళిపోయారు. నగరం అంచున అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్డు. నేను అప్పుడు అదే నగరంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. దళిత కథల్లో వలస మీద నోట్సు రాసుకుంటున్నాను. వలస వచ్చిన మా అక్క దగ్గరికి మాత్రం నెలకొకసారి, అది కూడా ఆదివారం, అన్నం తినడానికి వెళ్ళేవాణ్ణి.

పధ్నాలుగు వారాల సూది తప్పింది. తొమ్మిది నెలలకు పడాల్సిన తట్టు సూది తప్పింది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పదమూడో నెలలో వాడికి జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, మూడు రోజులకి మొహం మీద మొదలై ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. షెడ్డులో ఆడవాళ్ళు అమ్మవారన్నారు, వేపాకు కట్టారు. అక్క చర్చికి పోయే మనిషి, అయినా వేపాకు తియ్యలేదు. ఊపిరి ఎగబోస్తుంటే నాకు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో వారం రోజులున్నాం. బిడ్డ బతికాడు. కానీ ఆ తర్వాత చెవి కారడం మొదలైంది, నెలల తరబడి ఆగలేదు. కుడి చెవి పోయింది. తట్టు చేసే పనుల్లో అదొకటని నాకప్పటిదాకా తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు గారు అక్కను అడిగిన మొదటి మాట, “టీకాలు వేయించావా? కార్డేది?”

కార్డు ఊళ్ళో ట్రంకు పెట్టెలో ఉంది.

“పిల్లల్ని కంటారు గానీ సూదులు మాత్రం వేయించరు” అన్నాడాయన. అక్క ఏం మాట్లాడలేదు. బయటికొచ్చాక నాతో అంది: “బుధవారం అంటార్రా సూదులు. బుధవారం పోతే కూలి పోద్ది. కార్డు లేకుండా పోతే ఏమంటారోనని భయం. మన ఊరి నర్సమ్మయితే ఇంటికొచ్చి పిలిచేది. ఇక్కడ నన్నెవరు పిలుస్తారు?”

*

కోపంతో ఊరికి వెళ్ళాను. నేరుగా సబ్‌సెంటర్‌కి. చదువుకున్న కుర్రాడి కోపం ఎలా ఉంటుందో మీకు తెలుసు. “మీ దగ్గర రిజిస్టరు లేదా? ఒక పిల్లాడు ఏడాది నుంచి కనిపించకపోతే ఏమయ్యాడో చూడరా?” అని అడిగాను.

నర్సమ్మ కుర్చీ చూపించింది. గోడ మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పదమూడో జేబులోంచి చీటీలన్నీ బల్ల మీద పోసింది. ఇరవై దాకా ఉంటాయి. అందులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ‘బేబీ ఆఫ్’ అని, పక్కన మా అక్క పేరు. రెండు విడతల తేదీలు. వెనక పెన్సిల్‌తో ‘వలస’ అని ఒక్క మాట. దాని కింద ఇంకో చీటీ. అది మా పల్లెలోనే ఇరవై రోజులకి చనిపోయిన బిడ్డది. ఆ బిడ్డ తల్లిని నేను పిన్నీ అంటాను.

“రెండూ ఒకచోటెందుకు పెట్టారమ్మా?”

“సంచిలో అట్లానే కుట్టిచ్చారు నాయనా. నేను నెల జేబులో ఉంచాననుకో, ఆ నెల వెయ్యలేదని మీటింగులో నన్ను నిలబెడతారు. వలస అని ఇందులో వేస్తే ఎవరూ అడగరు.”

ఆమె మీద నా కోపం అక్కడే చల్లారింది. ఆవిడా మనమ్మాయే, పక్క మండలంలోని మాదిగపల్లె. మా ఊళ్ళో ఆమెకు ముందున్నావిడ బుధవారం నాడు టీకాల పెట్టె తెచ్చి రామాలయం పక్క స్కూలు అరుగు మీద కూర్చునేది. పల్లెలోని తల్లులు అక్కడికి రావాలి, వచ్చి ఒక పక్కగా నిలబడాలి. ఈవిడ వచ్చాక పొద్దున అక్కడ కూర్చుని, మధ్యాహ్నం పెట్టె తీసుకుని పల్లెలో చర్చి వసారాకు వచ్చేది. పైనుంచి వచ్చిన ఆర్డరేం కాదు, తన ఇష్టంతో చేసింది. అలాంటి మనిషి కూడా వలస బిడ్డ చీటీని చనిపోయిన బిడ్డ చీటీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. రిజిస్టర్లతో నీకేం పని అంటారేమో. పాఠాన్ని ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, అందులో ఎవరికి మాట లేదు అని అడగడమే కదా నేను నేర్చుకున్నది. రిజిస్టరు కూడా ఒక పాఠమే. మనవాళ్ళ గురించి ఎక్కువగా రాసిన పాఠం బహుశా అదే.

*

“కంప్యూటర్ వస్తే ఇదంతా బాగుపడేది కదా” అంటారు నా విద్యార్థులు. అప్పటికే కంప్యూటర్ వచ్చింది.

2009 డిసెంబరులో కేంద్రం మదర్ అండ్ చైల్డ్ ట్రాకింగ్ సిస్టమ్ మొదలుపెట్టింది. అంతకుముందు పైకి వెళ్ళేది లెక్క మాత్రమే: ఈ నెల ఇన్ని డోసులు వేశాం అని. ఇందులో మొదటిసారి ప్రతి గర్భిణికీ, ప్రతి బిడ్డకూ పేరుతో ఒక నమోదు, ఒక నంబరు. ఎవరికి ఏ సూది ఎప్పుడు పడాలో కంప్యూటరే జాబితా తీసిస్తుంది. మన దేశం పిల్లల్ని సంఖ్యగా కాక మనుషులుగా లెక్కపెట్టడం మొదలుపెట్టిన సందర్భం అది. నేను దాన్ని తక్కువ చెయ్యను. తర్వాత దాని చోట ఆర్‌సీహెచ్ పోర్టల్ వచ్చింది. ఏఎన్‌ఎంల చేతికి అన్‌మోల్ యాప్ ఉన్న ట్యాబ్‌లు వచ్చాయి.

మా మేనల్లుడి పేరు కూడా ఆ కంప్యూటర్‌లో ఉంది. “వాడికి నంబరు కూడా వచ్చిందయ్యా” అని నర్సమ్మే చెప్పింది. మరి ఏం లాభం? కంప్యూటర్ ప్రతి నెలా జాబితా తీసింది. ఆ జాబితా వాడు ఎక్కడ నమోదయ్యాడో ఆ సబ్‌సెంటర్‌కే వచ్చింది. వాడు లేని ఊరికి, వాడికి సూది వెయ్యమని నెలనెలా గుర్తుచేసింది. వాడు ఉన్న షెడ్డుకు కిలోమీటరు దూరంలో ఇంకో నర్సు ఉంది. ఆమె జాబితాలో వాడు లేడు. అంటే గుడ్డ సంచిని తెచ్చి కంప్యూటర్‌లో పెట్టారు. పదమూడో జేబుతో సహా.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. శాతం అంటే లవం, హారం. ఎంతమందికి టీకా వేశాం అన్నది పైన, ఎంతమందికి వెయ్యాలి అన్నది కింద. కిందున్న హారంలో ఎవరిని చేర్చుకుంటామన్నదే అసలు రాజకీయం. మా ఊరి నుంచి వెళ్ళిన ఇరవై మంది పిల్లల్ని పదమూడో జేబులో వేస్తే మా ఊరి హారం ఇరవై తగ్గుతుంది. హైదరాబాద్ వాళ్ళు వాళ్ళను చేర్చుకోకపోతే అక్కడి హారం పెరగదు. మా ఊరి బోర్డు మీద నూరు శాతం, అక్కడి బోర్డు మీదా నూరు శాతం. మధ్యలో ఇరవై మంది పిల్లలు ఏ లెక్కలోనూ ఉండరు. ఎవరూ అబద్ధం రాయలేదు. అందరి కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి.

అందుకే ఇల్లిల్లూ తిరిగి చేసే సర్వేలు అవసరం. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 12 నుంచి 23 నెలల పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పూర్తయినవాళ్ళు 76.4 శాతం. అంతకుముందు సర్వేలో 62 శాతం. పెరిగింది, సంతోషం. కానీ నలుగురిలో దాదాపు ఒకరు ఇంకా బయటే ఉన్నారు. డీపీటీ రకం టీకా మొదటి డోసు కూడా అందని పిల్లల్ని ‘జీరో డోస్’ పిల్లలంటారు. 2023లో మన దేశంలో అలాంటివాళ్ళు దాదాపు 16 లక్షల మందని, 2024లో 9 లక్షలకు తగ్గారని డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్‌ల అంచనా. ఆ తొమ్మిది లక్షల మంది ఎక్కడుంటారో చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్‌లో ప్రభుత్వమే రాసుకుంది, ఎక్కడ వెతకాలో: ఇటుక బట్టీలు, కట్టడాల దగ్గర షెడ్లు, సంచార జాతుల గుడారాలు, మురికివాడలు. 2022 చివర్లో ముంబైలో తట్టు వ్యాపించి పిల్లలు చనిపోయినప్పుడు ముందుగా వినిపించిన పేరు గోవండీ. అక్కడ ఎవరుంటారో ముంబై వెళ్ళొచ్చిన పాలమూరు మిత్రుల్ని అడగండి.

*

ఇప్పుడు నా ఇంటి సంగతి. ఇది చెప్పకపోతే నిజాయితీ కాదు.

మా పాప 2024 చివర్లో పుట్టింది. అప్పటికి యూ-విన్ వచ్చేసింది. కోవిడ్ టీకాలకు వాడిన కొవిన్ పద్ధతిలోనే దీన్ని తయారుచేశారు. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 2024 అక్టోబరు 29న దేశమంతటికీ ప్రారంభమైంది. ఆరు వారాల సూదికి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పది వారాలకీ వచ్చింది. సర్టిఫికెట్ ఫోన్‌లో ఉంది, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంది. దేశంలో ఎక్కడికి వెళ్ళినా ఆ రికార్డు తెరిచి తర్వాతి టీకా వేయించుకోవచ్చు. మా అక్కకు పదమూడేళ్ళ కిందట కావలసింది సరిగ్గా ఇదే.

తొమ్మిది నెలల తట్టు, రుబెల్లా సూదికి మెసేజ్ వచ్చిన రోజు నేను కాలేజీలో స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. కాసేపటికి మళ్ళీ తీసి చదివాను. ఒకే అమ్మానాన్నల పిల్లలం మేమిద్దరం. ఒకరి బిడ్డకు ప్రభుత్వం స్వయంగా కబురు పంపింది. ఇంకొకరి బిడ్డకు పంపలేదు. నాకు అద్దె ఇల్లున్నా మారని చిరునామా ఉంది, మారని సెల్ నంబరుంది, మెసేజ్ చదవడం వచ్చు. అక్కకు ఆ మూడూ లేవు. రిజిస్టరు కులం చూసి మా ఇద్దరిలో తేడా చెయ్యలేదు. చిరునామా చూసి చేసింది. ఆ చిరునామా ఎవరికి ఉండదో మాత్రం కులమే చాలావరకు నిర్ణయిస్తుంది.

ఈ ఫిబ్రవరిలో ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులతో పల్నాడులో మిరప చేల దగ్గర గుడారాలకు వెళ్ళాను. ఆదోని వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్ళు దీన్ని సుగ్గి అంటారు. సుగ్గికి వచ్చారంటే కాయ కోతలు అయ్యేదాకా పిల్లాపాపలతో చేలోనే ఉంటారు. మేం వెళ్ళింది బడి మానేసిన పిల్లల లెక్క కోసం. నా విద్యార్థిని ఒకమ్మాయి, ఆమె అమ్మ ఆశా వర్కర్, చంకలో బిడ్డ ఉన్న ప్రతి తల్లినీ “సూదులు అయినాయా అక్కా?” అని అడగడం మొదలుపెట్టింది.

పదకొండు నెలల పాప. తల్లి చెప్పింది: “పుట్టినప్పుడు ఏసినారు. ఊర్లో ఒగసారి ఏసినారు. మల్లా సుగ్గికి వచ్చినాము.” ఫోన్‌కి మెసేజ్ ఏమైనా వచ్చిందా అంటే నవ్వింది. నమోదప్పుడు ఇచ్చిన నంబరు మేస్త్రీది. ఆ మేస్త్రీ ఈ ఏడాది వేరే ముఠాను తీసుకుని ఇంకెక్కడికో వెళ్ళాడు. ఆ పాపకు రావలసిన కబుర్లు ఎవరి ఫోన్‌లోనో పడి ఉన్నాయి.

బుధవారం ఆటో మాట్లాడి ఆ తల్లినీ పాపనూ పక్క ఊరి అంగన్‌వాడీకి తీసుకెళ్ళాం. అక్కడి ఏఎన్‌ఎం చిన్న వయసు అమ్మాయి, ఓపికున్న మనిషి. మేస్త్రీ నంబరుతో వెతికింది, తల్లి పేరుతో వెతికింది. కాసేపటికి ఒకటి కాదు, రెండు రికార్డులు బయటపడ్డాయి. ఒకటి ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతో. ఇంకొకటి పాప పేరుతో, కానీ ఆ పేరు తల్లి పిలిచే పేరు కాదు. ఒకదాంట్లో పుట్టినప్పటి టీకాలే ఉన్నాయి. రెండోదాంట్లో ఆరు వారాలవి ఉన్నాయి, పుట్టినప్పటివి లేవు. ఒక బిడ్డను రెండు సగాలు చేసి రెండుచోట్ల పెట్టారు.

పేరెందుకు మారిందో ఆ తల్లి చెప్పలేదు. నేనూ అడగలేదు. మనకు తెలిసిందే. చర్చిలో పెట్టిన పేరు ఒకటి, కాగితం మీద రాయించే పేరు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, ఆ తర్వాత చేర్చిన సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవుడైన దళితుడు ఆ కాగితం ముందు దళితుడు కాడు. కాబట్టి మన తల్లులకు ఏ కౌంటర్ దగ్గర ఏ పేరు చెప్పాలో ఆలోచించుకోవడం అలవాటు. సూదులేసే నర్సమ్మ దగ్గర కూడా ఒక్క క్షణం ఆగి చెబుతారు. కంప్యూటర్‌కు అది ‘డేటా ఎంట్రీ తప్పు’. తల్లికి అది బిడ్డ భవిష్యత్తు. మా మేనల్లుడికీ రెండు పేర్లే. నాకూ రెండు పేర్లే.

చివరికి తేల్చింది ఏమిటో తెలుసా? కాగితం కార్డు. ఆ తల్లి రవికెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రేషన్ కార్డు జిరాక్సు, దాని మడతలో టీకాల కార్డు. తడిసి ఆరి గరగరలాడుతోంది, కానీ తేదీలు కనిపిస్తున్నాయి. ఏఎన్‌ఎం ఆ కార్డు చూసి రెండు రికార్డుల్లోనూ ఏది నిజమో రాసుకుంది.

ఇంకో అడ్డంకి వచ్చింది. తట్టు టీకా పొడిగా ఉంటుంది, నీళ్ళు కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి. ఆ రోజు ఆ ఊళ్ళో ఆ సూది పడాల్సిన పిల్లలు అయిపోయారు. ఒక్క పాప కోసం సీసా విప్పితే తర్వాత లెక్క చెప్పుకోవాలి. దేశంలో ఏ ఫ్రిజ్‌లో ఎన్ని సీసాలున్నాయో, ఎంత చలిలో ఉన్నాయో ఈ-విన్ అనే ఇంకో కంప్యూటర్ వ్యవస్థ ఎప్పటికప్పుడు చూస్తుంటుంది. సీసా దారి తప్పితే తెలుస్తుంది. పాప దారి తప్పితే తెలియదు. “వచ్చే బుధవారం రండి” అనడం ఆ అమ్మాయికి చాలా తేలిక. అనలేదు. “గుడారాల్లో ఇంకెంతమంది ఉన్నారు?” అని అడిగింది. ఆటో మళ్ళీ వెళ్ళింది. ఇంకో నలుగురు పిల్లలొచ్చారు. సీసా విప్పింది.

ఆ నలుగురూ ఆ రోజుదాకా ఆ ఊరి జాబితాలో లేరు.

*

మిత్రుల్లో కొందరు అంటారు, ఈ డిజిటల్ వ్యవహారమంతా నిఘా, మనం వ్యతిరేకించాలని. నేను పూర్తిగా ఒప్పుకోను. భయానికి కారణం లేకపోలేదు. 2023 జూన్‌లో కొవిన్‌లో ఇచ్చిన వివరాలు టెలిగ్రామ్ బాట్‌లో అడిగినవాళ్ళకు దొరుకుతున్నాయని వార్తలొచ్చాయి. కొవిన్‌లోంచి నేరుగా పోలేదని ప్రభుత్వం చెప్పింది. పోయిన నంబర్లు మాత్రం మనవే. అదే ఏడాది వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. టీకా కోసం చెప్పిన పేరు రేపు కుల ధ్రువీకరణ పత్రం దగ్గర ఎదురుతిరగదని ఆ తల్లికి ఎవరు హామీ ఇస్తారు? ఈ ప్రశ్న మనం అడిగి తీరాలి.

కానీ నమోదు కాకపోవడం మనకు స్వేచ్ఛ కాదు. మా తాత ఊరి వెట్టి. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మునసబుకు కబురు మోసింది ఆయనే. ఆయన పిల్లలు ఎంతమంది పుట్టి ఎంతమంది పోయారో మా నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మా నాన్న పుట్టినరోజు జూలై 1. బళ్ళో హెడ్‌మాస్టరు గారు వేసిన తేదీ. మా పల్లెలో ఆ వయసు మగాళ్ళలో సగం మంది జూలై 1నే పుట్టారు. బాబాసాహెబ్, రమాబాయిలకు ఐదుగురు పిల్లలు. నలుగురు పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న 1926 జూలైలో పోయాడు. వాళ్ళ పేర్లు మనకు తెలుసు, ఎందుకంటే తండ్రి అంబేడ్కర్. మన నాయనమ్మల పిల్లలకు పేర్లు కూడా మిగల్లేదు. లెక్కలోకి రావాలని కొట్లాడిన జాతి మనది. లెక్క ఎలా ఉండాలో చెప్పడం కూడా మన పనే.

నాకు తోచినవి చెబుతాను. మీరు చేర్చండి.

రికార్డు బిడ్డ వెంట నడవాలి, ఊరి వెంట కాదు. సుగ్గికి జనం ఏ నెలలో ఎటు వెళతారో ప్రతి మండలంలో తెలుసు. కూలీలను దింపే లారీలకు తెలుసు, మేస్త్రీలకు తెలుసు. ఆ నెలల్లో ఆ చేల పక్కనున్న ఏఎన్‌ఎం జాబితాలోకి ఆ పిల్లలు రావాలి. ‘వలస’ అన్న మాట రాస్తే ఫైలు మూతపడకూడదు, ఇంకోచోట తెరుచుకోవాలి.

ఫోన్‌లో ఎంత గొప్ప సర్టిఫికెట్ వచ్చినా కాగితం కార్డు ఆపకూడదు. కార్డు లేదని, ఆధార్ లేదని, ఓటీపీ రాలేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. ముందు సూది, తర్వాత నమోదు.

తల్లి చెప్పిన పేరును సరిచేసే హక్కు తల్లికి ఉండాలి, అందుకు జిల్లా ఆఫీసు దాకా తిరగకూడదు. టీకా కోసం ఇచ్చిన వివరం టీకాకే వాడాలి.

ఈ రిజిస్టర్లలో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని ఒక గడి ఉంటుంది. ఆ గడిని నింపేది మనం. దాంట్లోంచి వచ్చిన లెక్క మనకెందుకు కనిపించదు? పేర్లు వద్దు, పిల్లల వివరాలు వద్దు. ఈ ఊళ్ళో పల్లె పిల్లలు ఎంతమంది, ఊరి పిల్లలు ఎంతమంది, ఎవరికి ఎన్ని సూదులు తప్పాయి, సూదుల రోజు పెట్టె ఏ అరుగు మీద దిగుతోంది, ఇంతవరకు గ్రామసభలో చదివితే చాలు.

ఇక ఏఎన్‌ఎంలు, ఆశాలు. ఒకే బిడ్డ వివరాన్ని రిజిస్టర్‌లో ఒకసారి, యాప్‌లో ఒకసారి, ఇంకో యాప్‌లో ఇంకోసారి రాసే ఆ ఆడవాళ్ళకు గుడారాల దాకా నడిచే టైమ్ ఎక్కడుంది? తప్పిన బిడ్డను చూపించిన నర్సును మీటింగులో నిలబెడితే, రేపటి నుంచి ఆమె బిడ్డను చూపించదు. పదమూడో జేబులో వేస్తుంది.

మీరు చేయగలిగింది కూడా ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీలో కొందరు రేపు ఇలాంటి వ్యవస్థలే తయారుచేస్తారు. ఒక బిడ్డకు రెండు పేర్లు ఉండొచ్చని, ఒక ఫోన్ పది కుటుంబాలదని అప్పుడు గుర్తుపెట్టుకోండి. మిగతావాళ్ళు ఈ సెలవుల్లో మీ పల్లెలో ఐదేళ్ళలోపు పిల్లల కార్డులు ఒకసారి చూడండి. తొమ్మిది నెలల గడి, పదహారు నెలల గడి ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో తోడు వెళ్ళండి. పెద్ద ఉద్యమం కాదు, ఒక పూట పని.

*

మా మేనల్లుడికి ఇప్పుడు పదమూడేళ్ళు. క్లాసులో మొదటి బెంచీలో కుడివైపు చివర కూర్చుంటాడు, ఎడమ చెవి టీచర్ వైపు ఉండేలా. లెక్కల్లో మంచి మార్కులు వస్తాయి. డిక్టేషన్‌లో తప్పులు పోతాయి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు వాడు ఎడమ చెవికి మార్చుకునేదాకా నేను ఆగుతాను.

కొన్నేళ్ళ తర్వాత సబ్‌సెంటర్‌కి కొత్త రిజిస్టర్లు, ట్యాబ్ వచ్చినప్పుడు నర్సమ్మ పాత చీటీలు కట్టగట్టి పైకి పంపింది. ఒక్కటి మాత్రం నాకిచ్చింది. “నీ దగ్గర పెట్టుకో నాయనా, రాసేవాడివి కదా” అంది. నా డిగ్రీ సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. మొన్న సంక్రాంతికి వాడు ఆ ఫైలు తిరగేస్తూ దాన్ని పట్టుకున్నాడు.

“మామా, ఇది నాదేనా? పేరు లేదు కదా?”

“నీదే.”

వెనక్కి తిప్పి పెన్సిల్ మాట చదివాడు. “వలస అని రాశారెందుకు? నేను మన ఊళ్ళోనే పుట్టాను కదా?”

జవాబు చెప్పడానికి చాలా సేపు పట్టింది. ఎడమ వైపుకి జరిగి కూర్చుని, మొదటి నుంచి చెప్పాను. ఇక్కడ రాసింది అదే.

జై భీమ్.